చెవులే తప్ప కళ్ళు లేనిదాన్ని

నేను వాయిస్ రికార్డర్‌ని. అరచేతిలో ఇమిడిపోతాను. కోఠి గుజరాతీ గల్లీలో ఒక కొట్టు గాజు అరలో పడి ఉంటే, ఉస్మానియాలో జర్నలిజం చదివే అమ్మాయి బేరమాడి కొనుక్కుంది. ఫోన్‌లో రికార్డు చేస్తుంటే మధ్యలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారని ఆమె బాధ. ఆమె చదివే జర్నలిజం శాఖ 1954 నాటిది. నాకు ముందు అక్కడ ఎన్ని టేపురికార్డర్లు అరిగిపోయాయో!

ఆమె తొలి ఫైళ్ళు వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. సగానికి పైగా ఆమె గొంతే. ప్రశ్న అడిగేదీ తనే, జవాబు అందించేదీ తనే. ‘అంటే మీరు చాలా కష్టపడ్డారన్నమాట’ అంటుంది. ‘అవునమ్మా’ అంటారు అవతలివాళ్ళు. ఇంకేమంటారు పాపం!

భూదాన్ పోచంపల్లికి వెళ్ళిన రోజూ కాగితం నిండా ప్రశ్నలు రాసుకొచ్చింది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్న సంగతి, ఇక్కత్ చీరలకు భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి అన్నీ ముందే చదివింది. వెళ్ళిన ఇంట్లో గుంట మగ్గం నడుస్తోంది. నాడె టకటకల్లో మాటలు నాకు అందవని నన్ను అరుగు మీదికి తెచ్చి, అవ్వ పక్కన పెట్టింది.

అవ్వ ఒకప్పుడు ఆసు పోసేది. ఒక చివర ఒక కొయ్య, రెండో చివర అర్ధచంద్రాకారంలో వరసగా కొయ్యలు. ఈ కొయ్యకూ ఆ కొయ్యలకూ మధ్య దారాన్ని చేత్తో తిప్పుతూనే ఉండాలి. చిటికి కట్టడం, రంగులద్దడం ఆ తర్వాతి సంగతి. చీరకు చెయ్యి 9,000 సార్లు ఆడాలంటారు. అమ్మాయి ఆ అంకెను కాగితంలో చూసి చదివింది.

“లెక్క ఎవలు పెట్టిన్రు బిడ్డా?” అంది అవ్వ. “నేనైతే ఎన్నడు పెట్టలే. పొద్దుగూకేటాళ్ళకు రెక్క లేవకపోయేది. గదే లెక్క.”

అప్పుడు మా అమ్మాయి ఏమీ అనలేదు. నాలో ఫ్యాను చప్పుడు, లోపలి మగ్గం చప్పుడు, అంతే. ఎడిటింగ్‌లో కూర్చున్నవాళ్ళు ముందు కోసేసేది ఇలాంటి ఖాళీనే. నన్నడిగితే ఆ ఫైల్లో ముట్టుకోకూడనిది అదే, ఎందుకంటే ఆ తర్వాత అవ్వ తనంతట తానే అందుకుంది: “జడేసుకుందామంటే చెయ్యి తలదాక పోకపోయేది. మా పిల్లనే ఏసేది. దానికి ఏడేండ్లుంటయి గప్పుడు. వంకరటింకర ఏసేది.”

కాగితంలో జడ గురించిన ప్రశ్న లేనే లేదు. కాగితం మడిచిన చప్పుడు విన్నాను.

ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ మాటా వచ్చింది. “మా కోడలికి ఆ తిప్పల తప్పింది” అని అవ్వ నవ్వింది, “నాకే జర ఆలస్యంగ వచ్చె.”

తిరుగు బస్సులో అమ్మాయి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని జడ ముక్కనే వెనక్కి తిప్పి తిప్పి విన్నది. కండక్టర్ కేకేసేదాకా దిగాల్సిన స్టాపు వచ్చిందని కూడా తెలియలేదు. కథనం రాయడం అయ్యాక మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళింది, అవ్వకు ఆమె మాటలు వినిపించడానికి. తీసుకున్న మాటను తిరిగి వినిపించాలని ఏ ప్రొఫెసర్ చెప్పాడో తెలియదుగానీ, నాకు మాత్రం గర్వంగా అనిపించింది.

“ఇది నా గొంతేనా? మా అమ్మ గొంతు లెక్కున్నదే!” అంది అవ్వ. జడ దగ్గరికి రాగానే, “ఆగాగు! ఏడేండ్లు కాదు బిడ్డా. ఇంక బడికి సుత పోలే అది. తప్పు చెప్పిన. మళ్ళ పెట్టు, చెప్త.”

అమ్మాయి నా బటన్ నొక్కింది.