అయ్యా, ఒక తాత్కాలిక కాగితం ఇప్పించండి

రాష్ట్ర మద్యం లైసెన్సుల అధికారి గారికి,

నిన్న సాయంత్రం తమరి ఆఫీసు నుంచి వచ్చిన ఈమెయిలు చదివి ధన్యుణ్ణయ్యాను. మా గోదాం లీజులో మిగిలిన గడువు లైసెన్సు కాలానికి చాలదట, పొడిగించి మళ్లీ పంపాలట. అయ్యా, అర్జీ పెట్టిననాడు చాలినంతే ఉంది. ఆ గడువంతా తిన్నదెవరు? నేనా? గోదాం చూపిస్తేగాని అర్జీ తీసుకోరు. అర్జీ తేలితేగాని గోదాంలో ఒక్క కేసు దించనివ్వరు. పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు. అద్దె మాత్రం ఒకటో తారీఖున ఠంచనుగా పోతోంది.

ఫెడరల్ హోల్‌సేలర్ పర్మిట్ ఎప్పుడో వచ్చేసింది. దానికి ఫీజు కూడా లేదు. పెట్టుబడి ఎక్కడిదో వాళ్లకూ చెప్పాం, మీకూ చెప్పాం. వేలిముద్రలిచ్చాం, బాండు కట్టాం. మీ ఇన్‌స్పెక్టరు గారొచ్చి ఖాళీ ర్యాకులకు, ఖాళీ కూలరుకు, ఛార్జింగులో ఉన్న ఫోర్క్‌లిఫ్టుకు ఫొటోలు తీసుకెళ్లారు. అవి మసకగా ఉన్నాయని మళ్లీ మమ్మల్నే తీసి పంపమన్నారు. పంపాం. అప్‌లోడ్ సగంలో ఉండగా మీ పోర్టల్ బయటికి నెట్టేస్తుంది, అది వేరే సంగతి.

మా వీధి చివర లిక్కర్ స్టోరు చేతులు మారింది. కొన్నాయనకు లైసెన్సు బదిలీ అయ్యేదాకా తాత్కాలిక పర్మిట్ ఇచ్చారు. సరుకు అరువు తేకూడదు, డెలివరీకి డబ్బు చేతిలో పెట్టాలి అని షరతు. పెడుతున్నాడు, అమ్ముకుంటున్నాడు, సంతోషం. మరి ఆయన కొనాల్సింది మాలాంటివాళ్ల దగ్గరే కదండీ! కంపెనీ నుంచి నేరుగా తెచ్చుకుంటే మీరే కేసు పెడతారు. ఖజానాకు ఎక్సైజు కట్టేదీ మేమే. చివర నిలబడ్డవాడికి ఉన్న వెసులుబాటు మధ్యలో ఉన్నవాడికి ఎందుకు లేదు?

ముందు పూర్తి అనుమతి, తర్వాతే వ్యాపారం అంటారా? 1933లో ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ గారు అట్లా కూర్చోలేదు. మార్చి 22న బీరు చట్టం మీద సంతకం పెట్టారు, ఏప్రిల్ 7 నుంచి 3.2 శాతం బీరు అమ్ముకోనిచ్చారు. మద్యనిషేధం రాజ్యాంగంలోంచి పోయింది డిసెంబరు 5న. ఒప్పుకున్న రాష్ట్రాలన్నిటికీ ఎనిమిది నెలలు ముందుగా గేటు తీసిన ప్రభుత్వం మనది. నాకొక గోదాం గేటు తీయడానికి ఇంత ఆలోచనా?

మా బావమరిది ఆంధ్రాలో ఉంటాడు. అక్కడ హోల్‌సేలరు సర్కారే కాబట్టి ఈ బాధ లేదు, వేరే బాధలున్నాయి. కానీ షాపులకు 2024 అక్టోబరు 14న లాటరీ తీసి 16న తెరిపించారు. "అమెరికాలో ఇంత ఆలస్యమా బావా" అని వాడు ఫోన్‌లో నవ్వుతుంటే నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే చెప్పండి.

మాకు బీరు ఇస్తానన్న ఇంపోర్టరు ఇక ఆగనంటున్నాడు. బీరుకు తేదీ ఉంటుంది, ఎన్నాళ్లు ఆగుతుంది? అతని బ్రాండు వేరే డిస్ట్రిబ్యూటరు చేతికి వెళ్లిందంటే, డిస్ట్రిబ్యూటర్ని తేలిగ్గా మార్చనివ్వని ఫ్రాంచైజీ చట్టం పుణ్యమా అని మళ్లీ మా గడప తొక్కదు. అప్పుడు మీ లైసెన్సు వచ్చినా ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవాల్సిందే. మాట్లాడి పెట్టుకున్న డ్రైవరు కూడా ఫోనెత్తడం తగ్గించాడు.

ఇక ఎకసెక్కాలు చాలు. మాకూ తాత్కాలిక పర్మిట్ ఆరు నెలలకు కాకపోతే మూడు నెలలకివ్వండి. మమ్మల్నీ నగదు మీదే అమ్మమనండి. పన్ను వారం వారం కట్టమంటే కడతాం. అర్జీలో అబద్ధం కనిపిస్తే ఆ పూటే రద్దు చేయండి, కోర్టుకు వెళ్లనని రాసిస్తాను. ఇవేవీ కుదరవంటే కుదరవనే చెప్పండి, ఆ ఖాళీ కూలరుకు కరెంటు బిల్లయినా మానుకుంటాను.

ఇట్లు,
తమ విధేయుడు,
లైసెన్సు లేని ఒక హోల్‌సేలరు