కుక్క చూసుకుంటుందిలే

మా ఊరు బైరకూరులో చంటిబిడ్డకీ కుక్కకీ తిండి ఒకటే, రాగి. బిడ్డకయితే రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, విసిరి, పాత పంచెగుడ్డలో జల్లించి, ఆరు నెలలు నిండాక సరి కాచి పోస్తారు. కుక్కకయితే రాత్రి మిగిలిన సంగటిని ఇంత చారులో పిసికి రాతితొట్టిలో వేస్తారు. ధాన్యం ఒకటే అయినప్పుడు పెంపకం రెండు రకాలు ఎందుకవ్వాలన్నది నా వాదన. కింది సలహాలన్నీ ఆ వాదన మీదే నిలబడి ఉన్నాయి.

నా అర్హత ఏమిటంటారా? మా ఇంట్లో ఇద్దరు పిల్లలూ తొమ్మిది కుక్కలూ పెరిగారు. పెంచింది మా ఆవిడ. నేను అరుగు మీద పేపరు చదువుకుంటూ చూశాను. చేసేవాళ్ళకి చేతిలో పనే కనబడుతుంది, అరుగు మీద కూర్చున్నవాడికి అంతా కనబడుతుంది. పేజీ తిప్పేటప్పుడు కొంచెం తప్పిపోతుందేమో, అంతే.

ఈ మధ్య మా తమ్ముడి కూతురు కాన్పుకని బెంగళూరు నుంచి పుట్టింటికి వచ్చింది. వెంట జిమ్మిని తెచ్చుకుంది. తెల్లటి బొచ్చు కుక్క, సంచిలో వచ్చే గింజల మేత తప్ప ముట్టదు. ఇక్కడ ముందునుంచీ కరియ ఉంది. మా ఊరు ముళబాగిలు తాలూకాలో, ఆంధ్రకి ఆనుకుని ఉంటుంది కాబట్టి ఇల్లు తెలుగు, బడి కన్నడం. కరియకి రెండూ వచ్చు, రెండింట్లోనూ మాట వినదు. రెండు కుక్కలు, ఒక బిడ్డ, నడుమ నేను. అమ్మణ్ణి అడగకపోయినా చెప్పడం పెదనాన్నగా నా ధర్మం.

మొట్టమొదట, బిడ్డ రాబోతున్న సంగతి కుక్కకి తెలియనివ్వకండి. మా అమ్మణ్ణి ఏం చేసిందంటే, ఏడో నెలలోనే జిమ్మి పడకని తన మంచం పక్కనుంచి వరండాలోకి మార్చింది. ఇప్పుడే మారిస్తే రేపు బిడ్డ వల్లే తన చోటు పోయిందని అనుకోదట. ఫోనులో పసిబిడ్డ ఏడుపు సన్నగా పెట్టి, అది వినబడినప్పుడల్లా రెండు గింజలు వేసేది. కాన్పయిన రోజున ఆసుపత్రి నుంచి బిడ్డకి చుట్టిన గుడ్డ ఒకటి మొగుడి చేత ఇంటికి పంపించి, కుక్కలు రెండింటికీ వాసన చూపించమంది. ఇవన్నీ పశువుల డాక్టరు చెప్పాడట. పెళ్ళిచూపులకి కూడా ఇంత తతంగం జరగదు. నా పద్ధతిలో అన్నీ ఒక్కరోజే. వాకిట్లో దిష్టి తీసి, ఎర్రనీళ్ళు పారబోసి, చుట్టాలు గుంపుగా లోపలికి వస్తుండగానే ఇన్నేళ్ళూ ఇష్టమొచ్చినట్టు తిరిగిన కరియని గొలుసు వేసి వేపచెట్టుకి కట్టేయాలి. కట్టేయించాను. మూడో రోజుకల్లా అది బిడ్డ ఉయ్యాలనే రెప్ప వేయకుండా చూడటం మొదలుపెట్టింది. ఆ చూపు చూసి, ఎంత ప్రేమో అని నలుగురికీ చెప్పాను.

ఉయ్యాల అంటే గుర్తొచ్చింది. చీర ఉయ్యాల దూలానికి కట్టేటప్పుడు ఎత్తు ముఖ్యం. కుక్క ముక్కుకి అందేట్టు కట్టండి. కదిలే వస్తువు వెంట పడటం దాని పుట్టుక గుణం, ఊగే గుడ్డలోంచి కీచుమనే గొంతు వినిపిస్తే దానికి ఇంకా హుషారు. ఉయ్యాల ఊపడానికి మనిషి అక్కర్లేకుండా పోతుంది.

ఇక గుర్రుమనడం. గుర్రుమన్న కుక్కని వెంటనే కొట్టండి. మళ్ళీ గుర్రుమంటే మళ్ళీ కొట్టండి. నాలుగు రోజుల్లో నోరు మూసుకుంటుంది, ఆ తర్వాత దాని మనసులో ఏముందో మీకే కాదు, దేవుడికి కూడా తెలియదు. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఆ డాక్టరు చెప్పేది ఇంకోలా ఉంది. గుర్రుమనడం కుక్క మనకిచ్చే నోటీసట. నోటీసు ఇచ్చినందుకు తన్నులు తిన్న కుక్క ఈసారి నోటీసు ఇవ్వకుండానే పని కానిస్తుందట. గుర్రుమనడానికి ముందు కూడా చాలా చెబుతుందట: తిండి లేనప్పుడు మూతి నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది, మొహం అటు తిప్పి కంటి తెల్లగుడ్డు కనబడేట్టు ఓరగా చూస్తుంది, ఉన్నట్టుండి రాయిలా బిగుసుకుపోతుంది. తోక ఊపినంత మాత్రాన సంతోషమని కూడా కాదట, నిటారుగా లేచిన తోక కొసన వణికితే అది వేరే సంగతట. ఇంత వ్యాకరణం నేర్చుకునే బదులు తోక ఊపింది, ప్రేమ, అని తేల్చేసుకుంటే పేపరు చదువుకోవడానికి వీలుంటుంది. బిడ్డ కరియ చెవి పట్టి లాగినప్పుడు అది ఆవులించింది. కుక్కకి కూడా మధ్యాహ్నం నిద్ర వస్తోందని నేను నవ్వాను. అమ్మణ్ణి మాత్రం వంటింట్లోంచి పరుగున వచ్చి బిడ్డని ఎత్తుకుపోయింది.

పురాణాలు మన పక్షమే. భారతం మొదలయ్యేది కుక్కతో, ముగిసేది కుక్కతో. ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా నడిచిన కుక్క అందరికీ తెలుసు. మొదట్లో వచ్చే సరమనే మరిచిపోతాం. జనమేజయుడి యాగం దగ్గరికి ఆడుకుంటూ వచ్చిన కుక్కపిల్లని అతని తమ్ముళ్ళు కొట్టారు. అది ఏడుస్తూ పోయి తల్లికి చెప్పింది. సరమ సభకి వచ్చి, నా బిడ్డ దేన్నీ నాకలేదు, దేనివంకా చూడలేదు, ఎందుకు కొట్టారని అడిగింది. రాజు దగ్గర జవాబు లేదు. అనుకోని భయం వచ్చిపడుతుందని శపించి వెళ్ళిపోయింది. నన్నయ్యగారి ఆదిపర్వంలోనే ఉంది. కరియని కొట్టినరోజు అది కూడా నావంక అలాగే చూసింది. నేను కూడా జవాబు చెప్పలేదు. అయితే దాని తల్లి ఎప్పుడో లారీ కింద పడి పోయింది కాబట్టి శాపం భయం లేదు.

పంచతంత్రంలో ముంగిస కథ ఇంకా పెద్ద సాక్ష్యం. తల్లి నీళ్ళకి పోయింది, పెంచుకున్న ముంగిస ఉయ్యాల దగ్గరికి వచ్చిన పాముని చంపింది, నెత్తుటి మూతితో ఎదురొచ్చింది, తల్లి తొందరపడి దాన్ని చంపేసింది. అందరూ ఇందులో తొందరపాటు తప్పని నీతి తీస్తారు. నేను తీసిన నీతి వేరు. బిడ్డని జంతువుకి వదిలి నీళ్ళకి పోవడంలో ఏ తప్పూ లేదు. తిరిగి రావడంలోనే ఉంది. మా అమ్మణ్ణి దీన్ని ఒప్పుకోలేదు. "ఆ ఇంట్లో మొగుడు ఏం చేస్తున్నాడు పెదనాన్నా?" అని అడిగింది. కథలో ఆ విషయం మీద నాకు శ్రద్ధ పెట్టాలనిపించలేదు.

కుక్క భైరవుడి వాహనం, మన కోలారు జిల్లా సీతి బెట్ట మీద భైరవేశ్వరుడు ఉన్నాడు. పూర్వం కొన్ని రైతు కుటుంబాల తల్లులు బిడ్డకి చెవులు కుట్టించే ముందు తమ చేతివేళ్ళ కొసలు తెగ్గొట్టించుకుని ఆ స్వామికి మొక్కు చెల్లించేవారని, 1800 ప్రాంతంలో మైసూరు సీమంతా తిరిగిన బుకానన్ రాసిపెట్టాడు. తర్వాత ప్రభుత్వం ఆ ఆచారాన్ని మాన్పించింది. బిడ్డ కోసం వేళ్ళే ఇచ్చుకున్న గడ్డ మీద, కాస్త కాపలా కూర్చోమంటే మాత్రం ఎవరికీ తీరిక ఉండదు. నాకు అసలే ఉండదు.

తిండి దగ్గర ఇద్దరికీ పొత్తు పెట్టండి. దోగాడే బిడ్డ కరియ తొట్టిలో చెయ్యి పెడితే ఆపకండి, అలవాటవుతుంది. ఎవరికి ఏది అలవాటవుతుందో మాత్రం అడగకండి. తినేటప్పుడు తొట్టి దగ్గరికి మనిషి వస్తే కరియకి కిట్టదు, నేనే రెండు గజాల దూరంలో నిలబడి సంగటి విసురుతాను. బిడ్డకి పెద్దమనిషి బుద్ధులు ఇంకా రాలేదు కాబట్టి తొట్టిలోనే కూర్చోవచ్చు. సరి తాగాక బిడ్డ మూతి కుక్క చేత నాకించండి, ఒక గుడ్డ ఉతుకు తగ్గుతుంది. నులిపురుగుల మందు అంటారా, కుక్కపిల్లకి మూడు నెలలు వచ్చేదాకా రెండు వారాలకోసారి పట్టించాలని చెబుతారు. అంత మందు మన పిల్లలకే పట్టించలేదు. ఆదివారం పొట్టేలు కోసినచోట నీటితిత్తులు పట్టిన కార్జం, ఊపిరితిత్తులు ఊరికే పారేస్తారు, అవి పచ్చిగానే తెచ్చి కుక్కకి వేయండి. ఆ తిత్తుల్లోంచి కుక్క పేగుల్లోకి బద్దెపురుగు చేరుతుందనీ, దాని గుడ్లు కుక్క పెంటలోంచి వాకిట్లో ఆడే పిల్లల చేతికీ నోటికీ చేరుతాయనీ, ఏళ్ళ తర్వాత మనిషి కార్జంలో అవే తిత్తులు లేస్తాయనీ పుస్తకాల్లో ఉంది. ఏళ్ళ తర్వాత కదా.

చదువుకున్నవాళ్ళు వాదానికి వస్తే స్వీడన్ పేరు చెప్పండి. అక్కడ 2015లో ఆరు లక్షలకి పైగా పిల్లల లెక్కలు తీసి, పసితనంలో ఇంట్లో కుక్క ఉన్నవాళ్ళకి ఉబ్బసం కొంత తక్కువని తేల్చారు. ఫిన్లాండులో 2012లో 397 మంది పసివాళ్ళని ఏడాదిపాటు గమనించి, కుక్క ఉన్న ఇళ్ళల్లో జలుబులు, చెవిపోట్లు తక్కువన్నారు. ఈ రెండూ నిజమే, అమ్మణ్ణి కూడా ఒప్పుకుంది. కుక్కలు రెండింటినీ అందుకే ఉంచుకుంది కూడా. "కుక్క దగ్గర బిడ్డని ఒంటరిగా వదిలేస్తే ఉబ్బసం రాదని రాశారా పెదనాన్నా?" అని మాత్రం అడిగింది. ఆ పేజీ నేను తిప్పేసినట్టున్నాను.

కరవడం దాకా వస్తే కంగారు పడకండి. ముందు దాన్ని "గీరుకుపోయింది" అనండి. కరిచింది అంటే ఆసుపత్రికి పోవాలి, గీరుకుపోయింది అంటే అక్కర్లేదు. పసివాళ్ళకి ఎక్కువగా తగిలేది మొహం మీదా తల మీదా. కుక్క ఎత్తూ వాళ్ళ ఎత్తూ ఒకటే కదా. ఆ దెబ్బ మెదడుకి దగ్గర, కాబట్టి తొందర ఎక్కువని డాక్టర్లు అంటారు. కారంపొడి అద్దండి, లేకపోతే సున్నం. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే విషం దిగుతోందని అర్థం. సబ్బు పెట్టి ధారగా పోసే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. పదిహేను నిమిషాల్లో ముళబాగిలులో దోశ చెప్పి, తిని, చేయి కూడా కడుక్కోవచ్చు. అంతసేపు నీళ్ళు పోస్తే రేబీసు పురుగులు చాలావరకు అక్కడే కొట్టుకుపోతాయన్నది వాళ్ళ లెక్క. బోరునీళ్ళు ఎంత లోతునుంచి వస్తున్నాయో కోలారు జిల్లా మనిషికి చెప్పాలా?

తర్వాత పది రోజులు కుక్కని గమనించండి. కుక్క బతికే ఉంటే సరే, చస్తే అప్పుడు సూది సంగతి ఆలోచిద్దాం. ఆసుపత్రివాళ్ళు దీన్ని తిరగేసి చెబుతారు: సూది ఈరోజే మొదలుపెట్టు, కుక్కని పది రోజులు ఆ తర్వాత చూసుకో. నాకు సూదంటే భయం, అది దాచను. చిన్నప్పుడు నాకు బొడ్డు చుట్టూ పద్నాలుగు పొడిచారు. గొర్రె మెదడుతో చేసే మందు అది, దాన్ని మన దేశంలో 2005 నాటికి పూర్తిగా ఆపేశారు. ఇప్పుడు జబ్బకి వేస్తారు, చంటిబిడ్డకి తొడ పక్కన. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటిరోజు, మూడు, ఏడు, ఇరవై ఎనిమిది రోజులకి. నెత్తురు కనబడిన గాయమైతే ఆ గాయంలోనే, చుట్టూతా ఇంకొక మందు ఎక్కిస్తారు. పొట్ట జోలికే పోరు. అయినా నా పద్నాలుగు నాకు గుర్తున్నాయి కాబట్టి మీ బిడ్డకి నాలుగుసార్లు కూడా వద్దంటాను.

పాస్టరు 1885 జులై 6న తొమ్మిదేళ్ళ పిల్లవాడికి మొదటి సూది వేశాడు, వాడు బతికాడు. నూటనలభై ఏళ్ళు దాటింది. లోకంలో ఏటా 59,000 మంది రేబీసుతో పోతున్నారని అంచనా, అనుమానపు కుక్కకాట్లు పడినవాళ్ళలో నూటికి నలభై మంది పదిహేనేళ్ళలోపు పిల్లలు. నీళ్ళంటే భయపడే దశ వచ్చాక చేయగలిగిందేమీ లేదు. ఇది చదివినరోజు పేపరు మడిచి పక్కన పెట్టాను. కారం డబ్బా ఎక్కడుందో మా ఆవిణ్ణి అడగడం కూడా మానేశాను.

కరియకి ఏటేటా సూది ఎందుకన్నది మాత్రం ఇప్పటికీ నా ప్రశ్న. ఇంటి కుక్క కదా. ఊరి కుక్కలకి వేయాలి. 2023 జులైలో కోలారు మార్కెట్‌లో పదిహేను కిలోల టమోటా పెట్టె రెండు వేలు దాటినప్పుడు దొంగల భయానికి అది రాత్రిళ్ళు తోటలోనే పడుకుంది, ఊరి కుక్కలన్నిటితో కాట్లాడి చెవి చింపించుకుని వచ్చింది. అయినా ఇంటి కుక్కే. అమ్మణ్ణి వాదించలేదు. ఒకరోజు పొద్దున డైరీకి పాలు పోసి వచ్చేసరికి, పశువుల డాక్టరుని పిలిపించి కరియకీ జిమ్మికీ సూదులు వేయించి, కార్డులు గోడకి మేకు కొట్టి తగిలించింది. గొలుసు కూడా విప్పేసింది.

ఆ తర్వాత టమోటా పెట్టెలు ఖాళీవి తెచ్చి నడవకి అడ్డంగా నడుమెత్తున పేర్చి, తాడుతో బిగించింది. అటుపక్క బిడ్డ, ఇటుపక్క కుక్కలు. పెట్టెల సందుల్లోంచి ఒకళ్ళనొకళ్ళు చూసుకోవచ్చు. అడ్డం తీసినప్పుడు నడుమ ఎవరో ఒక పెద్దమనిషి చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోవాలట, పేపరు లేకుండా. సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా ఆ పెద్దమనిషిని నేనట.

నిన్న ఆ పెట్టెలు దాటబోయి మోకాలు కొట్టుకున్నాను. కరియ తల ఎత్తి చూసి, ఆవులించింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.