సిమెంటు షేర్లు: చెవిన పెట్టకూడని సలహాలు

"ఫ్యాక్టరీని పెద్ద కంపెనీ కొంటోంది బావా, షేరు లేస్తుంది, ఉన్నది పెట్టి కొనెయ్."

పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు తరచూ వినబడే ఈ సలహా అన్నిటికంటే ప్రమాదం. దాచేపల్లి మండలం దుర్గాపురంలో ఫ్యాక్టరీ ఉన్న ఆంధ్రా సిమెంట్స్ సంగతే చూడండి. 2022 ఏప్రిల్‌లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2023 ఫిబ్రవరి 16న సాగర్ సిమెంట్స్ ఇచ్చిన ప్రణాళికను నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) అమరావతి బెంచి ఆమోదించింది. ఫ్యాక్టరీ నిలబడింది, చాలా మంచి విషయం. కానీ కంపెనీలో 95 శాతం సాగర్ చేతికి పోయింది, జనం దగ్గర మిగిలింది 5 శాతమే. దివాలా చట్టం కింద వచ్చిన సొమ్ము ముందు ప్రక్రియ ఖర్చులకు, ఆ తర్వాత కార్మికుల బకాయిలకు, తాకట్టు పెట్టుకుని అప్పిచ్చినవాళ్లకు పోతుంది. షేర్లున్నవాడి వంతు అన్నిటికీ చివర. కొనే కంపెనీ ఎంత పెద్దదైనా ఆ వరుస మారదు.

"పాతిక శాతం కొంటే ఓపెన్ ఆఫర్ ఇచ్చి తీరాలి, మన షేర్లకు మంచి రేటొస్తుంది" అనే మాట మామూలు కొనుగోలులో నిజమే. పొందుగల దగ్గర కృష్ణ దాటితే విష్ణుపురంలో ఇండియా సిమెంట్స్ ఫ్యాక్టరీ ఉంది. 2024లో ఆ కంపెనీని తీసుకున్న అల్ట్రాటెక్ మిగతా వాటాదారుల షేర్లను ఒక్కోటి 390 రూపాయలకు కొంటామని ఓపెన్ ఆఫర్ ప్రకటించింది. దివాలా ప్రణాళిక కింద కొంటే మాత్రం షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల్లో దీనికి మినహాయింపు ఉంది. కొనుగోలు ఏ దారిన జరుగుతోందో తెలియకుండా రేటు గురించి ఆశపెట్టడం అన్యాయం.

"బ్యాంకులు సరేనన్నాయి, ఇక అయిపోయినట్టే." కాదు. దివాలా ప్రణాళికకు అప్పిచ్చినవాళ్ల కమిటీలో 66 శాతం ఓట్లు పడ్డా, ట్రిబ్యునల్ ఆమోదం కావాలి. చట్టంలోని పరిమితులు దాటే పెద్ద కొనుగోలైతే కాంపిటీషన్ కమిషన్ అనుమతీ ఉండాలి. అది కమిటీ ఓటింగుకు ముందే తెచ్చుకోవాలని 2025 జనవరి 29న హిందుస్థాన్ నేషనల్ గ్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గెలిచిన ప్రణాళిక ఆ కారణంగానే కొట్టుడుపోయింది.

"లోపల పనిచేసే మా తమ్ముడు చెప్పాడు, పేపర్లో రాకముందే కొందాం." ఇలా చెప్పినవాడూ, విని కొన్నవాడూ ఇద్దరూ సెబీ ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల కింద దొరుకుతారు. తమ్ముడి ఉద్యోగం కూడా పోవచ్చు. ఇంటి మనిషిని ఆ గుంటలోకి లాగకండి.

"కంపెనీ పంపిన ఆ విలీనం నోటీసులు ఇంగ్లీషు కాగితాలు, పక్కన పడెయ్." మామూలు విలీనంలో ఓటు వేసేవాళ్ల వాటా విలువలో నాలుగింట మూడొంతులు ఒప్పుకోవాలి. అంటే మీకూ ఓటుంటుంది, ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్లో వేయొచ్చు. డీమ్యాట్ ఖాతాలో పాత ఫోన్ నంబరు, పాత ఈమెయిల్ ఉంటే ఈ వారమే మార్పించుకోండి. నోటీసు అర్థం కాకపోతే నరసరావుపేటలోనో గుంటూరులోనో తెలిసిన చార్టర్డ్ అకౌంటెంటు చేత చదివించుకోండి.