బాకీ వసూలు మర్యాదలు

విజయవాడ ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టడం ఒక పనితనం, కట్టినదానికి డబ్బు రాబట్టడం అంతకు మించిన పనితనం. ఈ విద్యకు ఒక క్రమం ఉంది.

మొదటి ఫోన్‌లో డబ్బు మాట రాకూడదు. ‘బండి బాగా నడుస్తోందాండీ?’ అని మాత్రమే అడగాలి. సంగతి అవతలివారికి అర్థమవుతుంది, అర్థం కానట్టు మాట్లాడటం వారి వంతు. రెండోసారి బిల్లు నంబరు, తేదీ, మొత్తం వాట్సాప్‌లో పెట్టాలి. నీలి టిక్కులు పడతాయి, డబ్బు పడదు. మూడోసారి ఏ రోజు ఇస్తారో అడగాలి. మంగళవారం ఇవ్వకూడదు. శుక్రవారం లక్ష్మిని గడప దాటించకూడదు. శనివారం బ్యాంకు ఉందో లేదో అనుమానం. ఆదివారం సెలవు. మిగిలిన మూడు రోజులూ ఓనరు గారు తిరుపతిలో ఉంటారు.

చట్టం పంచాంగం చూడదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం, నమోదైన సూక్ష్మ, చిన్న పరిశ్రమల బిల్లును రాతపూర్వక ఒప్పందం లేకుంటే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా కలిసే చక్రవడ్డీ. దావాకు సాధారణ గడువు 3 ఏళ్లు. ఆలోగా బాకీ ఒప్పుకుంటూ సంతకం చేస్తే గడువు మళ్లీ మొదలవుతుంది. అందుకే వాయిదా అడిగినవారికి టీ ఇచ్చి, బాకీ నిల్వ రాసిన కాగితం, పెన్ను ముందు పెట్టాలి. సంతకం పెట్టనివారికి నోటీసు. అదే మనిషి రెండో బండితో వస్తే, అడ్వాన్సు ముట్టాకే కుర్చీ వేయాలి.