పొగ కనబడుతూనే ఉంది

పోయిన ఏప్రిల్‌లో నేను చేసిన పని ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే మనసు ఊరుకోవడం లేదు.

శామీర్‌పేట దగ్గర మా ఇంటి వెనక చిన్న గుట్ట. ఎండాకాలం వస్తే మోకాలెత్తు ఎండుగడ్డి. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి మేడ మీద బట్టలు తీస్తుంటే గుట్ట అవతల సన్నగా పొగ లేచింది. నేను వెంటనే ఫోన్ తీశాను, ఎవరికో చెయ్యడానికి కాదు, మంటల్ని చూపించే మ్యాప్ చూడడానికి.

ఉపగ్రహాలు పసిగట్టిన మంటల సమాచారాన్ని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా మెసేజ్‌గా పంపుతుంది. పేరు నమోదు చేసుకుంటే మామూలు జనానికీ వస్తుంది. నాకు మెసేజ్ రాలేదు. మ్యాప్‌లో మా గుట్ట మీద ఎర్రచుక్క లేదు. ఎవరో చెత్త తగలబెడుతున్నారులే అనుకున్నాను. ఇరవై నిమిషాలు, మళ్ళీ మళ్ళీ రిఫ్రెష్ కొడుతూ, అక్కడే కూర్చున్నాను.

ఆ మంటల్ని బాగా పట్టే ఉపగ్రహాలు మన మీదుగా పోయేది పగలు ఒకటిన్నర ప్రాంతంలో, మళ్ళీ రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో. మధ్యలో అంటుకుని మధ్యలోనే ఆరిపోయే గడ్డిమంట వాటి కంటపడదు. ఈ సంగతి నాకు కొత్త కాదు, నలుగురికీ వివరించి చెప్పినవాణ్ణే. 2009 ఫిబ్రవరి 7న ఆస్ట్రేలియాలో, విక్టోరియా కార్చిచ్చుల్లో 173 మంది పోయారు. కింగ్‌లేక్ లాంటి ఊళ్ళకు హెచ్చరిక వేళకు అందలేదని చదివి ఎంత బాధపడ్డానో! ఇక్కడ నా కళ్ళముందే పొగ ఉంది.

మాకు పాలు పోసే పెద్దాయన గేటు దగ్గర్నుంచి అరిచాడు. "ఏం సారూ, పొగ కండ్లకు కనబడ్తలేదా? ఫోన్ల ఏం జూస్తున్నవ్?"

అప్పుడు 101కి చేశాను. ఫైరింజన్ వచ్చేసరికి ఆయనా కొడుకూ కానుగ కొమ్మలతో కొట్టి కొట్టి మంటను ఒక పక్క ఆపారు. రెండో పక్క గుట్ట కింద ఉన్న ఆయన గడ్డివాము కాలిపోయింది. బర్లకు వానలు పడేదాకా సరిపడా మేత అది.

మర్నాడు పొద్దున కూడా ఆయన పాలు పోయడానికి వచ్చాడు. మోచేతి మీద వెంట్రుకలు మాడిపోయి, చర్మం ఎర్రగా పొక్కి ఉంది. గిన్నె పట్టుకుని నిలబడ్డాను. బర్లకు ఏం పెడుతున్నావని అడగడానికి నోరు రాలేదు.