‘ఫ్యామిలీలకు అనువైన ప్రశాంత వాతావరణం’ : టీకా తాత్పర్య సహితం

అవతారిక. విజయవాడలో అద్దె ఇంట ఉంటూ, పిల్లవాడు మూడో తరగతికి వచ్చేసరికి ఊరి బయట సొంత కొంప ఉంటే బాగుండునని సంకల్పించిన గృహస్థును ఉద్దేశించి ఒక అజ్ఞాత కవి పలికిన వాక్యమిది. బందరు రోడ్డులో కంకిపాడు దాకా, ఏలూరు రోడ్డులో గన్నవరం దాకా, హైదరాబాదు రోడ్డులో ఇబ్రహీంపట్నం దాకా, వారధి దాటితే మంగళగిరి దాకా ఫ్లెక్సీల మీద స్వల్ప పాఠభేదాలతో కనిపిస్తుంది. సినిమా తార బొమ్మా, లక్కీ డ్రాలో బంగారు నాణెమూ ప్రక్షిప్తాలు కనుక పరిహరించాం. మిగిలిన శుద్ధపాఠం ఇది.

మూలము: “బెంజి సర్కిలుకు పదిహేను నిమిషాలలో, కార్పొరేట్ స్కూళ్లకు కూతవేటు దూరాన, కాలువ గట్టు పక్కన, సీఆర్‌డీఏ అప్రూవ్డ్, నూరు శాతం వాస్తుతో ఫ్యామిలీలకు అనువైన ప్రశాంత వాతావరణం. వెంటనే ఇల్లు కట్టుకొనుటకు అనుకూలం.”

ప్రతిపదార్థం. పదిహేను నిమిషాలలో = ఆదివారం తెల్లవారుజామున, బైకు మీద, ఒంటరిగా; బెంజి సర్కిలు = చెన్నై, కలకత్తా నగరాలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారీ, బందరు వెళ్లే 65వ నంబరు రహదారీ ఒకదాన్నొకటి దాటే చోటు, కావున పై పదిహేను నిమిషాలలో ఇక్కడ ఆగే సమయం చేరదు; కూతవేటు = మైకు పెట్టి కూసినచో; ప్రశాంత = ఇంకా ఎవరూ ఇల్లు కట్టని; అప్రూవ్డ్ = రోడ్ల వెడల్పు, ఖాళీ స్థలం, కాగితాలు సక్రమమని సీఆర్‌డీఏ, అనగా రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ, అధికారులు ఒప్పుకున్న; వాతావరణం = ఫోటో తీసిన రోజు వాతావరణం, అనగా ఫిబ్రవరి. తక్కిన పదములు స్పష్టములు.

ఇక ఈ వాక్యంలో అధ్యాహారం ఒకటి ఉంది. కవి చెప్పక విడిచినదాన్ని పూరించి అన్వయం కుదర్చడం వ్యాఖ్యాతకు విధి. స్కూలు, రోడ్డు, వాస్తు, బెంజి సర్కిలు అన్నీ చెప్పిన కవి నీళ్ల మాట ఎత్తలేదు. బోరు నీళ్లు తియ్యగా ఉంటాయని కొన్ని ప్రతులలో ఉందిగానీ, అది వచ్చే నీళ్ల సంగతి. పడిన వాన ఎటు పోతుందన్నది ఏ ప్రతిలోనూ లేదు. కృష్ణా డెల్టాలో పిల్లాపాపలతో కాపురం పెట్టేవాడు మొదట విచారించవలసింది మెరకా పల్లమా అన్న ఒక్క సంగతే అని ఈ వ్యాఖ్యాత సిద్ధాంతం. స్కూలు రేపు వస్తుంది, రోడ్డు ఎన్నికల ముందు వస్తుంది, ఆస్పత్రి వాటి వెనకే వస్తుంది. నేల మట్టం మాత్రం ఏ ప్రభుత్వం మారినా మారదు.

ప్రమాణం చూపాలి కదా. 2024 సెప్టెంబరు మొదటి తేదీల్లో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణలో ప్రవాహం 11 లక్షల 40 వేల క్యూసెక్కులు దాటింది. 2009 అక్టోబరు వరదకన్నా అది ఎక్కువ. ఆ 2009లో బ్యారేజీ దిగువన నది ఒడ్డునే ఉన్న కృష్ణలంకలోకి నీళ్లు వచ్చాయి. 2024 నాటికి రిటైనింగ్ వాల్ లేచింది కనుక, అంతకు మించిన వరద పక్కనే పోతున్నా కృష్ణలంక చాలావరకు నిలబడింది. మునిగింది నదికి దూరంగా, ఊరికి ఉత్తరాన ఉన్న అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక. ముంచింది కృష్ణ కాదు, మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే బుడమేరు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు పెట్టి, దాని వరదను మళ్లింపు కాలువలో ఇబ్రహీంపట్నం దగ్గరి పవిత్ర సంగమం వైపు తిప్పి కృష్ణలో కలిపే ఏర్పాటు ఉంది. ఆ ఏర్పాటు బాగా పనిచేయాలంటే కృష్ణ ఖాళీగా ఉండాలి. ఇద్దరికీ ఒకే వాన పడినప్పుడు కృష్ణ ఆ నీళ్లు పుచ్చుకోదు. ఆసారి మళ్లింపు కాలువకు మూడు గండ్లు పడ్డాయి, పూడ్చడానికి సైన్యాన్ని కూడా పిలవవలసి వచ్చింది. కింది వైపేమో, కొల్లేరు నిండితే నీళ్లు ఉప్పుటేరు గుండా సముద్రంలోకి నింపాదిగా పోవాలి. పైన తలుపూ, కింద తలుపూ రెండూ మూసుకుంటే నడుమ ఉన్న పల్లమే చెరువు. డాబాల మీద ఉన్నవాళ్లకు అన్నం పొట్లాలు డ్రోన్లతో అందించారు. తరువాత ప్రభుత్వం సాయం ప్రకటిస్తూ మునిగిన కింది అంతస్తు ఇంటికి 25 వేల రూపాయలు, మొదటి అంతస్తు ఆపైన ఉన్న ఇంటికి 10 వేలు అన్నది. మెరకకూ పల్లానికీ ఉన్న తేడాను సర్కారే రూపాయల్లో రాసిన శాసనం అది. నదికి ఎంత దూరం అని కొలిచేవారు దీన్ని రెండుసార్లు చదువుకోవాలి.

‘కాలువ గట్టు పక్కన’ అన్న విశేషణం దగ్గర కొంచెం ఆగాలి. వినడానికి భయంగా ఉంటుందిగానీ, మూలంలో నిజంగా మెచ్చుకోదగ్గది ఇదొక్కటే కావచ్చు. పొలానికి నీరు దానంతట అది పారాలంటే కాలువ ఎత్తున ఉండాలి. పంతొమ్మిదో శతాబ్దం నడుమ కృష్ణ మీద ఆనకట్ట కట్టి కాలువలు తవ్వినవాళ్లు వాటిని మెరక వెంట నడిపారు, పొలం వాడిన నీళ్లు దిగడానికి పల్లం వెంట మురుగు డ్రెయిన్లు తీశారు. ఊరి నడుమ నుంచి పోయే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మొదటి జాతివి. బుడమేరూ, దాన్లో కలిసే వాగులూ రెండో జాతివి. ఫ్లెక్సీ కవి మొదటి జాతి దొరికితే ‘కెనాల్ వ్యూ’ అంటాడు, రెండో జాతి దొరికితేనూ అదే అంటాడు. తేడా తెలుసుకోవడానికి సర్వేయరు అక్కర్లేదు. నీళ్లు పక్క పొలంలోకి తూముల్లోంచి వెళ్తుంటే కాలువ, పక్క పొలంలోంచి దాన్లోకి వస్తుంటే డ్రెయిన్. డెల్టా పల్లెలు ఈ లెక్క తెలిసే పుట్టాయి. పాత ఊరు, రికార్డుల్లో గ్రామకంఠం అనేది, చాలాచోట్ల మెరక మీద గుంపుగా ఉంటుంది. చుట్టూ వరి మడులు. వెంచర్లు వేసేది ఆ మడుల్లో. తాతలు నారు మునుగుతుందా అని బెంగపెట్టుకున్న మడిలో మనుమలు కార్ పార్కింగు కడుతున్నారు.

వాస్తును గురించి రెండు మాటలు. నైరుతి మెరక, ఈశాన్యం పల్లం ఉండాలంటుంది శాస్త్రం. అంటే నేల వాలు చూడమనేగా! 200 గజాల స్థలంలో జానెడు వాలు కోసం సిద్ధాంతిని పిలిచి దిక్సూచి పెట్టించేవాళ్లు, ఆ స్థలం ఉన్న ఊరి వాలు ఎటో అడగరు.

పూర్వపక్షం. ‘మట్టి తోలించి లేపుకుంటాం, పల్లమైతే ఏం?’ అంటారు కొందరు. లేపుకోవచ్చు. ఆ నీళ్లు పక్కవాడి స్థలంలోకి పోతాయి, ఆయనా తోలిస్తాడు. అందరూ లేపాక రోడ్డు మునుగుతుంది, రోడ్డును లేపుతారు, పాతదాన్ని తవ్వకుండా దానిమీదే పొర వేస్తారు. పాత కాలనీల్లో నాలుగు మెట్లెక్కి లోపలికి వెళ్లేలా కట్టిన ఇళ్లకు ఇప్పుడు వీధిలోంచి రెండు మెట్లు దిగి వెళ్తున్నారు. గేటు కింద సిమెంటు దిమ్మ, దాని వెనక ఇసక బస్తా, ఆ వెనక వరండాలో స్టూలు మీదికెక్కిన మోటారు. ఈ పందెంలో చివర మట్టి తోలినవాడే గెలుస్తాడు, వాడూ కొన్నాళ్లే. పైగా ఇక్కడిది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. కొత్తగా తోలిన మట్టి మీద తొందరపడి గోడ లేపితే పగుళ్లను అడగక్కర్లేదు, అవే వస్తాయి.

‘బుడమేరు ఎప్పుడో ఒకసారి వస్తుంది, స్కూలు బస్సు రోజూ రావాలి కదా’ అన్నది రెండో ఆక్షేపణ. పైకి బలంగానే ఉంది. అయితే బుడమేరు ఊరిని ముంచింది 2005లో, మళ్లీ 2024లో. నడుమ 19 ఏళ్లు. గృహస్థు బ్యాంకులో తీసుకునే అప్పు గడువు 20 ఏళ్లు. వరద వాయిదాల్లోపలే వస్తోందన్నమాట. అదీగాక పల్లానికి పెద్ద వరదే రానక్కర్లేదు. మామూలు ముసురుకే సెప్టిక్ ట్యాంకు వెనక్కి తంతుంది, దోమలు కాపురం పెడతాయి, సాయంత్రం పిల్లలు ఆడుకునే వీధి నాలుగు రోజులు నీళ్లకింద ఉంటుంది. స్కూలు బస్సు మెయిన్ రోడ్డు మీద ఆగి హారన్ కొడుతుంది. ‘ఫ్యామిలీలకు అనువైన’ అనే పదానికి పరీక్ష ఆ నాలుగు రోజుల్లోనే. మరి ‘ఈ గొడవంతా ఎందుకు, వారధి దాటి తాడేపల్లి, మంగళగిరి వెళ్తే కొండలే కదా’ అంటే, కొండవాలు కొండవాలే, దాని అడుగు అడుగే. అటువైపు కొండవీటి వాగు ఉంది. దాని వరదను కృష్ణలోకి తోడి పోయడానికి ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కుల ఎత్తిపోతల పథకం కట్టారు. మోటార్లు పెట్టి తోడవలసి వచ్చిందంటేనే అక్కడా పల్లం ఉందని గ్రహించాలి.

మూడో ఆక్షేపణ గట్టిది. ‘మెరకలో కొనే స్తోమత ఎవరికుంది?’ 2024లో మునిగిన పేటల్లో ఎక్కువమంది రెక్కల కష్టం మీద బతికేవాళ్లు. వాళ్లు నేల వాలు తెలియక అక్కడికి వెళ్లలేదు, ఆ ధరకు మరోచోట దొరకక వెళ్లారు. వాళ్లకు ఈ టీక చెప్పడం అధికప్రసంగం. అక్కడ చేయవలసిన పని బుడమేరుకు దారి వదలడం, కట్టలు బలపరచడం, అది ప్రభుత్వం బాధ్యత. ఈ వ్యాఖ్యానం అప్పు చేసైనా ఎంచుకోగలిగినవాడికి. అతడికి మాత్రం ఒక మాట నిర్మొహమాటంగా చెప్పవచ్చు. మడిలో 200 గజాల డూప్లెక్సుకన్నా, సందులు ఇరుకైనా సరే పాత ఊరి మెరక మీద రెండు గదుల ఇల్లు మేలు. అదీ కుదరకపోతే పల్లంలో కొనకుండా పై అంతస్తులో అద్దెకుండి రెండు వానాకాలాలు చూడటం మేలు. బంధువులు నామోషీ అంటారు. వాళ్లు వరద రోజున మన డాబా మీదికే వస్తారు.

విశేషాంశం. ఆషాఢం, భాద్రపదం శూన్యమాసాలని మనవాళ్లు సైటు చూడటానికి వెళ్లరు. సంక్రాంతి వెళ్లాక, మడులు ఎండి, కొత్త గ్రావెల్ ఎర్రగా మెరిసేటప్పుడు వెంచరువారి కారులో వెళ్తారు. బయానా ఇవ్వడానికి కాదు గనుక భాద్రపదంలో వెళ్తే శాస్త్రం అడ్డురాదు. రాత్రంతా వాన కురిసిన మర్నాడు, ఆటోలో, ఏజెంటుకు చెప్పకుండా వెళ్లాలి. పక్క వీధి గోడల మీద పాత నీటి చార ఏ ఎత్తున ఉందో చూడాలి. గేదెలను ఎటు తోలుకెళ్తున్నారో చూడాలి. కాలువ తలుపుల దగ్గర గొడుగేసుకుని నిలబడే లస్కరు ఒకడుంటాడు. వెంచరు పేరు చెప్తే అతనికి తెలియదు, ఆ పొలం ఎవరిదో చెప్పి అడగాలి.