ఏ ఆర్డరుకైనా ఒకటే మంత్రం

హోటల్లో ఆర్డరు, కోర్టులో ఆర్డరు, సెక్రటేరియట్లో ఆర్డరు. మాట ఒకటే అయినప్పుడు పద్ధతులు మాత్రం వేరువేరుగా ఎందుకు? ఒకచోట నేర్చింది ఇంకోచోట వాడేయండి. తేడా వస్తే తప్పు ఎదుటివాళ్ళది.

1. హోటల్లో సర్వరు మీ వంక చూడకపోతే, సినిమా జడ్జీలాగా సుత్తితో బల్ల మీద బాది "ఆర్డర్! ఆర్డర్!" అనండి. మన కోర్టుల్లో నిజం జడ్జీలు సుత్తి వాడరు. కాబట్టి అక్కడ అరువడిగితే దొరకదు, ఇంట్లోంచే పట్టుకెళ్ళండి.

2. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 51 దాకా ఆర్డర్లున్నాయి. దాన్ని మెనూకార్డు అనుకోండి. స్థలం గొడవలో టెంపరరీ ఇంజంక్షన్ కోసం ప్లీడరుగారు "ఆర్డర్ 39, రూల్స్ 1, 2" అనగానే, "రూల్ 1 ఇక్కడే, రూల్ 2 పార్సిల్" అని అందుకోండి.

3. జీవో వచ్చిందా, పనైపోయినట్టే. తెలంగాణలోని స్థానికేతర ఉద్యోగుల్ని వెనక్కి పంపాలంటూ 1985 డిసెంబరులో 610 జీవో ఇచ్చారు. గడువు 1986 మార్చి 31. అమలు సంగతి తేల్చమని 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేశారు. బిర్యానీ ఆలస్యమైతే కూపన్ ఇస్తారు, జీవో ఆలస్యమైతే కమిషన్ ఇస్తారు. కంగారు పడకండి.

4. లిఫ్టుకి "అవుటాఫ్ ఆర్డర్" అని అట్టముక్క వేలాడుతోందంటే, ఆర్డరు బయల్దేరిందని అర్థం. ఫోన్ ఆన్‌లో పెట్టుకుని అక్కడే నిలబడండి. ఓటీపీ అడుగుతారు.

5. పార్సిల్లో మిర్చీకా సాలన్ రాలేదా? తిన్నగా పోలీస్ స్టేషనుకే వెళ్ళండి. ట్రాఫిక్ వాళ్ళని కదిలించొద్దు, ఆర్డర్లు చూసేది లా అండ్ ఆర్డర్ వాళ్ళే. ఖాళీ డబ్బా సాక్ష్యంగా ఎస్సైగారి బల్ల మీద పెట్టండి.

6. పెళ్ళికి స్వీట్‌షాపులో కాజాలు చెప్పేటప్పుడు నోటిమాట నమ్మొద్దు. "విషయము: కాజాలు. సూచిక: మా అత్తగారి మౌఖిక ఆదేశములు" అని మూడు ప్రతులు రాసి, తూకం వేసే కుర్రాడితో ముట్టినట్టు సంతకం చేయించుకోండి.

7. విశాఖ అడిగితే ట్రాన్స్‌ఫర్ ఆర్డరు పాడేరుకి వచ్చిందా? ఫొటో తీసి, "మేం చెప్పింది ఇది కాదు" అని రాసి, పై ఆఫీసరుగారికి ఒక్క స్టార్ ఇచ్చి వెనక్కి పంపేయండి. ఆ తరవాత సస్పెన్షన్ ఆర్డరొస్తే గాభరా పడొద్దు, అది కాంప్లిమెంటరీ. బిల్లులో వెయ్యరు.